పిలుపు - నిలుకడ

తెలుగిండ్లలో పిలుపు అన్న మాటకు చాల బరువు కలదు. పిలువని పేరంటమునకు పోవుట మర్యాద కాదు; పిలిచిన యింటికి పోకుండుట అంతకన్నను మర్యాద కాదు. కుంకుమభరిణె చేతబట్టుకొని యొక యిల్లాలు గుమ్మములోనికి వచ్చి పిలిచి పోయినదనిన, ఆ సాయంకాలమున ఎన్ని పనులున్నను పోయి కనబడవలసినదే. కాని పేరంటము ఒక సాయంకాలముతో ముగియును. తాంబూలము పుచ్చుకొని ఎవరి యింటికి వారు తిరిగి వత్తురు. తిరిగి వచ్చుట లేని పిలుపు మరియొకటి కలదనియు, అది భగవంతుని పిలుపనియు పెద్దలు చెప్పుదురు. అన్ని మతముల చరిత్రలలోను అట్టి పిలుపు విని యిల్లు విడిచినవారు కనబడుచున్నారు.

క్రైస్తవుల గ్రంథమున నీ విషయమై బాలుడైన సమూయేలు కథ ప్రసిద్ధమైనది. ఆలయమున నిద్రించుచున్న బాలునికి రాత్రివేళ తన పేరు వినవచ్చినది. ముసలి యాజకుడు పిలుచుచున్నాడనుకొని ముమ్మారు లేచి ఆయన యొద్దకు పరుగెత్తినాడు. నాలుగవసారి గాని, పిలిచినది ఎవరో తెలియలేదు. ఈ కథ క్రైస్తవ బాలబాలికలందరికిని తెలియును. అయితే, ఆ రాత్రి తరువాత ఆ బాలుడు పెరిగి, తల నెరసి, రాజులకు ఇష్టము లేని మాటలు చెప్పుచు ముదిమి వరకు ఆ పిలుపునకు కట్టుబడి యుండిన సంగతి అంతగా ఎవరును తలపరు. పిలుపు ఒక రాత్రి మాట. నిలుకడ ఒక జీవితకాలపు మాట. మొదటిది కథలకు ఎక్కును. రెండవది సామాన్యముగా లెక్కకు రాదు. మన తెలుగునేలపైనే ఈ రెండవదానికి నిదర్శనముగా నిలిచిన యొక జీవితమును మేము నేడు మా శ్రోతలకును పాఠకులకును జ్ఞప్తికి తేదలచితిమి.

ఆయన తెలుగువాడు కాడు. 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి సీమలో వెల్లాలన్‌విలై అను చిన్న పల్లెలో పుట్టెను. ఆ పల్లె నేడు తమిళనాడులోని తూత్తుకుడి జిల్లాలో చేరియున్నది. చుట్టును ఎఱ్ఱని యిసుక, తాటిచెట్లు. కల్లు గీసి, బెల్లము వండి బ్రదుకువారి నివాసము. తండ్రి థామస్ వేదనాయకము ఆ యూరి గురువు. చాలకాలము కుమారుని కొరకు ప్రార్థించిన తల్లి, తన మొఱ ఫలించినందున బిడ్డకు శామ్యూల్ అని పేరు పెట్టుకొనెను. సమూయేలు అన్న పేరునకు అది ఇంగ్లీషు ఉచ్చారణము. పూర్తిపేరు వేదనాయకము శామ్యూల్ అజరయ్య. 1889లో తండ్రి గతించగా, బిడ్డను పెంచి విద్యాబుద్ధులు చెప్పించిన భారము తల్లిపై పడెను. ఆమె భక్తితోబాటు నియమమును గట్టిగా పాటించు మనిషి.

బాలుడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివెను. 1895లో యువజన క్రైస్తవ సంఘమున, అనగా మనమందరము వై.ఎం.సి.ఏ. అని పిలుచు సంస్థలో, కార్యదర్శిగా ప్రవేశించెను. దక్షిణదేశమంతటను తిరుగుట, విద్యార్థులను సమావేశపరచుట, సభలలో మాటలాడుట ఆయన పని. ఇంగ్లీషు చక్కగా వచ్చును, దొరలతో స్నేహము కలదు, జీతము కలదు, గౌరవము కలదు. 1898లో అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని వివాహమాడెను. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన తొలి తరమువారిలో ఆమె యొకతె. ఆ కాలమున ఒక తమిళ పల్లెటూరి గురువు కొడుకు కోరదగినదంతయు ఆయనకు ముప్పది యేండ్లు నిండకమునుపే సమకూడెనని చెప్పవచ్చును.

1902లో ఆయన సింహళ ద్వీపమునందలి జాఫ్నాకు పోయెను. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బు వేసికొని, తమలోనుండియే మనుష్యులను ఎన్నుకొని, ఇతర స్థలములకు ప్రచారకులుగా పంపుచుండుట చూచెను. ఈ చిన్న సంగతి ఆయన మనస్సును కలతపెట్టినది. తిరునల్వేలిలో క్రైస్తవ మతము వేరూని అప్పటికి నూరేండ్లు దాటెను. వేలకొలది కుటుంబములు, గొప్ప గొప్ప గుడులు, బడులు కలవు. అయినను, గురువు జీతమునకును గుడి కప్పునకును సముద్రమునకు ఆవలివైపు చూచుటయే వారికి అలవాటైపోయెను. ఇచ్చుట నేర్వక పుచ్చుకొనుటకే అలవడిన సంఘము పెరిగిన సంఘమగునా అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. ఆయనకు వినవచ్చిన పిలుపులో నడిరాత్రి అశరీరవాణి లేదు. పొరుగువాని మంచిపనిని చూచినప్పుడు కలిగిన సిగ్గే ఆ పిలుపు. ఎక్కువమందికి పిలుపు ఇట్లే వచ్చునేమో. అందువలననే దానిని పిలుపని గుర్తింపక చాలమంది ప్రక్కకు తిరిగి నిద్రపోవుదురు.

1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి భారత మిషనరీ సంఘము ఏర్పడెను. దాని సూత్రధారులలో అజరయ్య ముఖ్యుడు. 1905 డిసెంబరు 25వ తేదీన, వంగదేశమునందలి శ్రీరాంపురములో, వెనుకటి తరమువాడైన విలియం కేరీ పేరిట ప్రసిద్ధమైన గ్రంథాలయమందు దేశమంతటికిని చెందిన జాతీయ మిషనరీ సంఘము స్థాపింపబడెను. అందును ఆయన ప్రధాన పాత్ర వహించెను. మనుష్యులు భారతీయులు, ధనము భారతీయము, నిర్వహణము భారతీయము - ఇది దాని నియమము. ఆ సంవత్సరము అక్టోబరులోనే వంగదేశమును కర్జను ప్రభువు రెండు ముక్కలు చేసియుండెను. స్వదేశీ ఉద్యమము వీధివీధికిని ప్రాకుచుండెను. రాట్నము, సబ్బు, అగ్గిపెట్టె మొదలగు వస్తువుల విషయమున దేశము ఏమి తలపోయుచుండెనో, తమ మతజీవనము విషయమున ఈ కొద్దిమంది క్రైస్తవులు దానినే తలపోసిరని మేము గ్రహింపవలెను.

తిరునల్వేలి సంఘమువారు తమ పనికి ఎన్నుకొనిన స్థలము నిజాము రాజ్యమునందలి తెలుగుసీమ. మానుకోట, డోర్నకల్ ప్రాంతము. తమిళులైన ప్రచారకులు అక్కడికి పోయిరి. కాని పనికి మనుష్యులు చాలలేదు. అజరయ్య ఊరూర తిరిగి, యువకులను నిలబెట్టి, “ఎవరు పోవుదురు?” అని యడుగుచుండెను. అడుగగా అడుగగా ఆ ప్రశ్న అడిగినవాని మీదికే తిరిగినది. దండోరా వేయువాడు తానును ఊరిలోనివాడే కదా! ఇతరులను పొమ్మని చెప్పుచు తాను మద్రాసులో నుండుట ఎట్లు? 1909లో ఆయన కార్యదర్శిత్వము వదలుకొని, గురువుగా అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరెను. అప్పటికి ఆయనకు ముప్పదియైదవ యేడు.

ఆనాటి డోర్నకల్ ఎట్టిదో కొంచెము ఊహించుకొనవలెను. ఈనాడది తెలంగాణ రాష్ట్రమున మహబూబాబాదు జిల్లాలో నున్నది. సింగరేణి బొగ్గుగనులకు పోవు రైలు చీలిక అక్కడ నుండుటచే దానికి జంక్షను అన్న గౌరవము కలిగినది గాని, స్టేషను దాటినచో అడవి. మలేరియా జ్వరము. పల్లెలలో దొరల గడీలు, వెట్టిచాకిరి. మాలపల్లెలు, మాదిగగూడెములు ఊరికి ఆవల. చదువు అన్నది ఆ గూడెముల గడప త్రొక్కి యెరుగదు. అజరయ్య కుటుంబము తొలుత గుడారములలో కాపురము చేసెను. వేదికలపై ఇంగ్లీషులో అనర్గళముగా మాటలాడిన ఆయన, కూలివాని యెదుట నిలిచి మంచినీళ్లు అడుగుటకు తగిన తెలుగు కూడ రాని స్థితిలో ఓనమాలు దిద్ద మొదలిడెను. మా యభిప్రాయమున ఆయన మొదటి త్యాగము జీతము కాదు, మాట. మాటకారియైనవాడు నడివయస్సున నత్తివానివలె మరల మొదటినుండి నేర్చుకొనుట సామాన్యమైన వినయము కాదు. కొలది యేండ్లలోనే ఆయన తెలుగులో బోధింపగలవాడయ్యెను; ఆ తరువాత ముప్పది యేండ్లు ఆ భాషయే ఆయన పనిముట్టు.

డోర్నకల్ చేరిన మరుసటి యేడు, 1910 జూన్‌లో, స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. ప్రతినిధులు సుమారు 1,200 మంది. వారిలో ఆసియా ఖండమువారు ఇరువదిమంది కూడ లేరు. అజరయ్య వారిలో నొకడు. విదేశీ మిషనరీలకును స్వదేశీ సేవకులకును గల సంబంధమును గూర్చి ఆయనను మాటలాడుమనిరి. ఆయన పొగడ్తలతో సరిపుచ్చలేదు. దొరలు మా దేశమునకు ధనమిచ్చిరి, శ్రమపడిరి, ప్రాణములు కూడ ఇచ్చిరి, దానికి కృతజ్ఞులమే. కాని ఒకే బల్లయొద్ద కూర్చుండి భుజించు స్నేహము మాత్రము మాకింకను లభింపలేదు, దానిని ఇండు - అను భావముతో ముగించెను. సభలో కొందరికి కోపము వచ్చినది, కొందరు సిగ్గుపడిరి. నేడు ఆ మహాసభను గూర్చి వ్రాయు చరిత్రకారులు మరచిపోని ప్రసంగములలో అది యొకటి.

పిలుపునకు కట్టుబడుట యనగా తలవంచుకొని ఊరకుండుట యని కొందరు తలతురు. అట్లు కాదని ఈ ప్రసంగము చూపుచున్నది. తనకు అన్నము పెట్టిన చేతిని గౌరవించుచునే ఆ చేతిలోని లోపమును ఎత్తి చూపుట నమ్మకస్థుని లక్షణము. అజరయ్య ఆ మాట చెప్పి, సంబంధము త్రెంచుకొని పోలేదు. అదే సంఘమున ఉండి, అదే మాటను తన బ్రదుకుతో రుజువు చేయ పూనుకొనెను.

అవకాశము త్వరలోనే వచ్చినది. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ (ప్రసిద్ధ గణితవేత్తయు తత్త్వవేత్తయు నైన ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు ఈయన అన్న) డోర్నకల్‌కు ఒక భారతీయుని బిషప్పుగా నియమింపవలెనని పట్టుపట్టెను. అభ్యంతరములు అనేకము. దొరలలో కొందరు ఒక నల్లవాని చేతిక్రింద పనిచేయుట యెట్లనిరి. విచిత్రమేమన, స్వదేశీయులలోను కొందరు ఒప్పుకొనలేదు. ఎన్నడును తమవానిని ఎత్తయిన పీఠముపై చూడని కన్నులకు ఆ దృశ్యము క్రొత్తగా నుండెను. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింటుపాల్ దేవాలయమున ఆయనకు అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమున బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనయే.

మేమీ చరిత్ర చదువునప్పుడు ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింతుము. కష్టము వచ్చినప్పుడు పిలుపును నిలుపుకొనినవారు చాలమంది కలరు. గౌరవము వచ్చినప్పుడు నిలుపుకొనినవారు తక్కువ. గౌరవము కష్టమువలె తలుపు తన్నుకొని రాదు. పరిచిన తివాచీపై మెల్లగా నడచి వచ్చును. కలకత్తాలో అభిషేకము పొంది, లోకప్రసిద్ధుడైన ఈ మనిషికి మద్రాసులోనో మరియొక నగరమునందో సుఖమైన స్థానము దొరకుట కష్టము కాదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నిచ్చెను. 1927లో లాసాన్నెలో జరిగిన క్రైస్తవ సంఘముల ప్రపంచ సభకు పోయెను. ఎక్కడికి పోయినను తిరిగి దిగినది మాత్రము డోర్నకల్ జంక్షనులోనే. ముప్పదియైదు సంవత్సరములు ఆ యూరు ఆయన చిరునామా.

ఆయన రోజువారీ పని ఎట్టిదనిన: రైలు పోవునంత మేర రైలు, తరువాత ఎడ్లబండి, అదియు పోనిచోట సైకిలు, లేదా కాలినడక. ఒక్కొక్క గూడెములో చెట్టుక్రింద జనము. ఆయన బోధలో నాలుగు దయ్యములు తరచుగా వచ్చుచుండెడివి. అవి చింతచెట్టుపై నివసించునవి కావు: అశుభ్రత, రోగము, అప్పు, తాగుడు. ఈ నాలుగింటిని ఊరినుండి వెడలగొట్టనిదే బాప్తిస్మము నీళ్లు పైపైన ఆరిపోవునని ఆయన తలంపు. బాప్తిస్మము పొందినవారి చేత తమ చేతిని తమ తలపైననే పెట్టించి, విన్న శుభవార్తను పొరుగువానికి చెప్పక యుండుట తమకు తగదని ప్రమాణము చేయించెడివాడు. తలపై చేయి పెట్టి ఒట్టు వేసికొనుట మన పల్లెజనమునకు తెలిసిన భాష. ఆ ఒట్టు తప్పుటకు మనవారు ఎంత జంకుదురో ఆయనకు తెలిసినది.

ఇచ్చుట నేర్వని సంఘము పెరగదన్న జాఫ్నానాటి తలంపును ఆయన విడువలేదు. అయితే డోర్నకల్ పల్లెలలో ఇచ్చుట కేమున్నది? కూలిగింజలు తప్ప చేతిలో డబ్బు కనబడని జనము. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు ప్రతి పూటయు ఒక పిడికెడు బియ్యము తీసి వేరుకుండలో వేయుట అక్కడి యిండ్లలో అలవాటుగా నాటుకొనెను. వారాంతమున ఆ కుండ గుడికి చేరును. కోతలైన తరువాత కోతపండుగ. వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్లలు మేళతాళములతో తెచ్చి సమర్పించుట. భజనలు, తెలుగు కీర్తనలు, చెక్కభజన అడుగులు గుడిలోనికి వచ్చినవి. క్రైస్తవుడగుటకు తెలుగుతనము విడిచి దొరవేషము వేయనక్కరలేదని చెప్పిన బిషప్పు ఒక తమిళుడగుట గమనింపదగినది.

బిషప్పు మాట కొంతవరకే. ఈ నిలుకడ చరిత్రలో అధికభాగము పేరులేని కూలివారిది. మాల మాదిగ గూడెములలో క్రొత్త మతము పుచ్చుకొనిన వానికి మరుసటినాడే పరీక్ష మొదలగుచుండెను. ఊరి అమ్మవారి జాతరకు డప్పు కొట్టుట వాని వంతు. కొట్టనన్నచో కూలి లేదు. ఆదివారము పొలమునకు రానన్నచో దొర మనిషి వచ్చి నిలబడును. పలు గ్రామములలో ఇట్టి ఘర్షణలు జరిగినవి. అతడు వేదాంతము చదివినవాడు కాడు. తన చేతిని తన తలపై పెట్టుకొని ఒట్టు వేసికొనినవాడు, అంతే. కొందరు నిలువలేక వెనుకకు పోయిరి. నిలిచినవారు తమ బిడ్డలను బడికి పంపిరి. ఆ బిడ్డలలోనుండియే ఉపాధ్యాయులు, నర్సులు, గురువులు వచ్చిరి. ఇంటిలోని పోరాటము మరియొకటి. మాలలును మాదిగలును ఒకే గుడిలో ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకే పాత్రనుండి ప్రభుభోజనము పుచ్చుకొనుట అంత సులభముగా జరుగలేదు. వెలుపలి అంటును నిందించినవారు లోపలి అంటును విడువ జాలకపోయిరి. అజరయ్య దీనితో తుదివరకు పెనగులాడెను. పూర్తిగా గెలిచెనని చెప్పుట సత్యము కాదు.

అన్బు మరియమ్మాళ్ పేరు చరిత్రలలో తక్కువగా వినబడును. గురువులుగా శిక్షణము పొందవచ్చిన పల్లెటూరివారి భార్యలకు చదువు, శుభ్రత, శిశుపోషణము నేర్పిన భారము చాలవరకు ఆమెది. ఆరుగురు బిడ్డల తల్లియై, అడవిప్రక్క ఊరిలో, అన్యభాషలో, ఆమె చేసిన యీ పనికి అభిషేకము లేదు, బిరుదు లేదు. పిలుపు భర్తకు వచ్చినదనుకొనినను దాని బరువు సగము భార్య మోసినదని మా పాఠకులలో నిల్లాండ్రు వెంటనే గ్రహింతురు.

తొలుత చిన్నదైన డోర్నకల్ అధ్యక్షఖండము 1920 తరువాత విస్తరించి, 1841 నుండి మచిలీపట్టణము కేంద్రముగా సాగిన కృష్ణామండల మిషను పనిని, కర్నూలు ప్రాంతపు పనిని తనలో చేర్చుకొనెను. 1930 తరువాతి సంవత్సరములలో దాని క్రైస్తవ జనసంఖ్య రెండు లక్షలు దాటెను. సంఖ్య పెరిగిన కొలదియు ప్రశ్నలును పెరిగినవి. వాటిలో పెద్దది మహాత్మా గాంధీ వేసినది. రోగికి మందిండు, బాలునికి చదువు చెప్పుడు, కాని దానిని మతము మార్చుటకు మెట్టుగా చేయకుడు అని గాంధీగారి వాదము. ఆశ చూపి మతమిచ్చుట తప్పేయని అజరయ్య ఒప్పుకొనెను. అయితే తాను కనుగొనిన మేలును పొరుగువానికి చెప్పుటయు, విన్నవాడు దానిని స్వేచ్ఛగా పుచ్చుకొనుటయు ఆపదగినవి కావని ఆయన వాదము. అంటరానివాడు తన యాత్మను గూర్చి తానే నిర్ణయించుకొనజాలడని యనుకొనుట కూడ ఒక విధమైన అంటేనని ఆ వాదములో ధ్వనించును. ఇద్దరును అంటరానితనమును ద్వేషించిరి. ఇద్దరును తమ తమ పిలుపునకు కట్టుబడిరి. ఇద్దరును ఏకాభిప్రాయమునకు రాలేదు. ఈ తగవును తీర్చుట మా పని కాదు. నమ్మకస్థులైన ఇద్దరు మనుష్యులు పరస్పరము విభేదింపవచ్చునని మాత్రము ఇందువలన తెలిసికొందుము.

అజరయ్య పదవులను వెదకినవాడని ఆయన విరోధులును అనలేదు. 1932లో ఆంగ్లేయ ప్రభుత్వము మతములవారీగా నియోజకవర్గములు పంచి యిచ్చినప్పుడు, క్రైస్తవులకు ప్రత్యేక స్థానములు లభించుచున్నను ఆయన దానిని నిరసించెను. క్రైస్తవ సంఘము శాసనసభలో స్థానముల కొరకు కొట్లాడు ఒక కులము వంటిదైనచో అది తన పిలుపును మరచినట్లేయని ఆయన భయము. లాభము వచ్చునప్పుడు వలదనుట నష్టము వచ్చినప్పుడు ఓర్చుకొనుటకన్న కష్టము.

డోర్నకల్‌లో రైలు దిగినవారికి ఆయన కట్టించిన దేవాలయము కనబడును. మేమును ఒకమారు దిగి చూచితిమి. లండను చర్చికి నకలు కాదు. మసీదులను తలపించు గుమ్మటములు, మీనారులు, దక్షిణదేశపు మండపములను తలపించు రాతికంబములు, వానిమీద తామరపూవులు, లోపల సిలువ. పనివారు ఈ దేశమువారు. ఏండ్ల తరబడి సాగి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. నిజాము రాజ్యమునందలి పల్లెటూరి కూలివాడు తలయెత్తి చూచినప్పుడు ఇది పరాయిది అని యనుకొనరాదన్నది కట్టించినవాని సంకల్పము. ఆ కంబముల నీడలో నిలిచినప్పుడు, ఎడింబరోలో స్నేహమడిగిన నోరు ఇచ్చట రాతితో అదే మాట చెప్పినట్లు మాకు తోచినది.

ఆయన తలపెట్టిన మరియొక కార్యము ఆయన జీవితకాలమున నెరవేరలేదు. 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ శాఖల క్రైస్తవ గురువులు కొందరు కలిసి, దొరలదేశపు పాతతగవులను మనమెందులకు మోయవలెను, దక్షిణదేశపు సంఘములు ఏకము కావలెనని ప్రకటించిరి. ఆ ప్రకటనకు ముఖ్యులలో అజరయ్య యొకడు. తరువాత పాతికేండ్లు సంప్రదింపులు. ఒకరికి బిషప్పు అధికారముపై సందేహము, మరొకరికి ప్రభుభోజన విధిపై పట్టుదల. ఎన్ని సమావేశములో, ఎన్ని చిత్తుప్రతులో! విసుగుకొని లేచిపోయినవారు కలరు. ఆయన లేచిపోలేదు. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లోనే కన్నుమూసెను; అక్కడనే సమాధి. రెండేండ్ల తొమ్మిది నెలలకు, భారతదేశము స్వతంత్రమైన తరువాత, 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. విత్తినవాడు కోతపండుగకు లేడు.

ఈ జీవితమునుండి క్రైస్తవులు నేర్చుకొనునది క్రైస్తవులకు తెలియును. ఇతర మతములవారు నేర్చుకొనదగినది కూడ కలదని మేము తలంచుచున్నాము. గాంధీగారి ప్రశ్నకు దేశము ఇంకను ఒకే జవాబు చెప్పలేదు. గూడెములలోని అంటు ఇంకను పూర్తిగా పోలేదు. అందుచేత అజరయ్యను అన్నిట గెలిచిన వీరునిగా నిలుపుట మాకు ఇష్టము లేదు. అయినను ఒక మాట నిశ్చయముగా చెప్పవచ్చును. సభలో చప్పట్ల నడుమ చేయి పైకెత్తి నేను పోవుదునని చెప్పుటకు ఒక్క క్షణము చాలును. మరునాడు తెలియని భాషలో ఓనమాలు దిద్దుట, పదియేండ్లకు అదే బురదదారిలో సైకిలు త్రోయుట, ఇరువదియేండ్లకు అదే తగవును అదే ఓర్పుతో తీర్చుట, ముప్పదియేండ్లకు బిరుదులు వచ్చినను అదే స్టేషనులో దిగుట - ఇవి చప్పట్లు లేని పనులు. దేవుడు పిలిచెనో లేదో ఇతరులు తెలిసికొనదగిన ఆనవాలు ఇవియే.

పిడికెడు బియ్యము ఒకపూట తీయుట ఎవరికైనను సాధ్యమే. అది దానము. ఇంట గింజలు నిండుకొనుచున్న పూట కూడ మరవక తీసిన యిల్లాలిది నిలుకడ. డోర్నకల్ ప్రాంతపు గుడులు, బడులు మొదట అట్టి కుండలలోనుండియే లేచినవి.